భృగువు తిరిగి వచ్చిన ఇల్లు

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఒక ఇంటి మాటలా మొదలవుతుంది. గురుకులం ప్రస్తావన లేదు, శిష్యబృందం లేదు. కొడుకు తండ్రి దగ్గరికి వెళ్లి బ్రహ్మాన్ని గురించి చెప్పమంటాడు. తండ్రి వరుణుడు అన్నం, ప్రాణం, కన్ను, చెవి, మనసు, వాక్కు అని కొన్ని వాకిళ్లు చూపిస్తాడు. ఈ ప్రాణులన్నీ ఎక్కడి నుంచి పుడుతున్నాయో, దేనివల్ల బతుకుతున్నాయో, చివరికి దేనిలో కలుస్తున్నాయో దాన్ని తెలుసుకోమంటాడు. పాఠం అంతే. భృగువు వెళ్లి తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని గ్రహించి, మళ్లీ తండ్రి దగ్గరికే వస్తాడు. వరుణుడు తప్పనడు, ఒప్పనడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు. ప్రాణమని గ్రహించి వస్తాడు. మనసని గ్రహించి వస్తాడు. విజ్ఞానమని గ్రహించి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ వరుణుడిది ఒకటే మాట.

పండితులు దీన్ని పంచకోశ విచారణగా వివరిస్తారు. ఇక్కడి తపస్సంటే మనసునూ ఇంద్రియాలనూ ఏకాగ్రంగా నిలపడమని శంకర భగవత్పాదుల భాష్యం. ఆ అర్థం శిరోధార్యం. దాని పక్కనే ఒక ఇంటి రీతి కూడా ఈ వల్లిలో కనిపిస్తుంది. బిడ్డ ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు. వచ్చినప్పుడు తండ్రి అందుబాటులో ఉంటాడు. బిడ్డ తెచ్చిన జవాబును చిన్నబుచ్చడు, తన జవాబును అరువివ్వడు. కాట్రేనికోనలో మా ఇంట్లో ఇద్దరు మనవలు బడికి వెళ్లకుండా చదువుకుంటున్నారు. వాళ్ల మధ్య కూర్చుని చదువుతున్నప్పటి నుంచి నా చూపు ఈ రీతి మీదే నిలిచింది.

ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది పరీక్షల సంగతే కాబట్టి అది చెప్పేస్తాను. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. 1989లో మొదలైన సంస్థ అది. మా మనవడికి ఆ వయసు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. మనవరాలు వాడికంటే చిన్నది. లెక్కలు, ఇంగ్లీషు మా అమ్మాయి చెబుతుంది. తోట పని, నీటి సంగతి, మట్టి సంగతి వాళ్ల నాన్నతో తిరుగుతూ తెలుసుకుంటారు. తెలుగూ పురాణమూ నా వంతు. ఇందులో గొప్ప ఏమీ లేదు. కోనసీమలో మూడు తరాల కిందట చాలా ఇళ్లలో ఇలాగే జరిగేది.

భృగువల్లికి ముందు అదే ఉపనిషత్తులో శీక్షావల్లి ఉంది. అందులో తొమ్మిదో అనువాకం చదివినప్పుడల్లా మా ఇంటి దినచర్యే గుర్తొస్తుంది. గృహస్థుకు పన్నెండు విధులు చెబుతాడు ఋషి. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథులు, మానుషం అనే లోకవ్యవహారం, సంతానం, సంతానోత్పత్తి, మనవల సంరక్షణ. ఒక్కొక్క విధి చెప్పినప్పుడల్లా స్వాధ్యాయ ప్రవచనాలను, అంటే తాను చదువుకోవడాన్నీ ఇంకొకరికి చెప్పడాన్నీ, దానికి జత చేస్తాడు. ఒకేసారి చివర్లో కలిపి చెబితే సరిపోయేది. అలా చేయలేదు. పన్నెండుసార్లూ విడివిడిగా చెప్పాడు. అతిథుల పేరు చెప్పి చదువు మానేయకూడదు, చదువుందని అతిథిని పక్కన పెట్టకూడదు. మనవణ్ణి ఎత్తుకున్న చేతుల్లోనే గ్రంథమూ ఉండాలి. ఇల్లూ బడీ వేరుకాని కాలం ఆ పన్నెండు జతల్లో కళ్లకు కడుతుంది.

ఆ అనువాకం చివర ముగ్గురి మతాలు చెప్పారు. రథీతరుడి వంశంలోని సత్యవచసుడు సత్యమే ముఖ్యమన్నాడు. పౌరుశిష్టి తపస్సే ముఖ్యమన్నాడు. ముద్గలుడి కొడుకు నాకుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలే చాలని, తపస్సంటే అవేనని అన్నాడు. ఇక్కడ ఆగి, ముందున్న భృగువల్లి వైపు చూడాలి. వరుణుడు కొడుకుతో ప్రతిసారీ తపస్సు చేయమన్నాడు. నాకుడి మాట పట్టుకుని చూస్తే ఆ తండ్రి కొడుకును ఎక్కడో కొండ మీదికి తరమలేదు. చదువుకో, వచ్చి చెప్పు అన్నాడు. భృగువు వెళ్లి ఆలోచించడం స్వాధ్యాయం, తిరిగి వచ్చి తండ్రి ముందు నిలబడడం ప్రవచనం. ఇది నా అన్వయం. భాష్యాల్లో ఉందని చెప్పను. అయినా ఈ అన్వయం నా మనసుకు బాగా పట్టింది. ఇందులో బిడ్డ తపస్సుతో పాటు తండ్రి తపస్సు కూడా ఉంది. కొడుకు అన్నమని వచ్చినప్పుడు, ఆనందమన్న మాట తన నాలుక చివర ఉన్నా, చెప్పకుండా ఉండగలగడం చిన్న తపస్సు కాదు. పిల్లలకు చదువు చెప్పే ఏ తల్లికైనా ఆ నిగ్రహం ఎంత కష్టమో తెలుసు.

ఇక రోజువారీ సంగతి. దింపు వాళ్లు వచ్చిన పూట మా ఇంట్లో పుస్తకం మూతపడుతుంది. చెట్టెక్కే మనిషి నడుముకు కట్టే తాడు దగ్గర నుంచి, రాశి పోసి కాయ లెక్క పెట్టే దాకా పిల్లలు అక్కడే ఉంటారు. కొబ్బరి ధర మన వైపు వెయ్యి కాయలకు ఇంత అని చెబుతారు. అంబాజీపేట మార్కెట్లో ఆ రోజు ధర ఎంతో తెలుసుకుని, తమ రాశికి ఎంత వస్తుందో లెక్క కట్టి, దింపు కూలి, ఒలుపు కూలి తీసేసి మిగిలింది ఇంతని చెప్పాలి. అది వాళ్లకు శాతాల పాఠం, భిన్నాల పాఠం. కానీ ఆ పూట అసలు పాఠం వేరే ఉంది. అంత ఎత్తు చెట్టు దిగి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు ఎవరు ఇవ్వాలన్నది. అది ఏ పుస్తకంలోనూ రాసి చూపించనక్కర్లేదు. ఋషి మానుషమని చెప్పిన విధి అదే.

అనధ్యాయం అని ఒక మాట పాతవాళ్లు వాడేవారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాఠం లేదు. ఉరిమినా లేదు. శిష్టుడు ఇంటికి వస్తే లేదని కూడా స్మృతులు చెప్పాయి. పైకి సెలవుల పట్టికలా కనిపించే ఈ నియమంలో ఒక లోతు ఉంది. పెద్దమనిషి ఇంట్లో అడుగు పెట్టినప్పుడు ఆ పూటకు గ్రంథం ఆగాలి, ఎందుకంటే గ్రంథం ఎవరి కోసం చదువుతున్నామో వాళ్లే వచ్చారు. ఉరుము ఉరిమినప్పుడు నోరు ఆగాలి, ఎందుకంటే వినవలసినది బయట మోగుతోంది. సముద్రం పక్కన బతికే కాట్రేనికోన వాళ్లకు ఈ రెండో మాట ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మాకు ఆకాశం కూడా ఒక ఉపాధ్యాయుడే.

రాత్రి భోజనాలయ్యాక పుస్తకం. మా ఇంట్లో అందరికీ ఇష్టమైనది పోతన భాగవతం. అందులోనూ ఏడో స్కంధం. ప్రహ్లాదుడి చదువు ఎక్కడ మొదలైందో చెప్పే ఘట్టం పిల్లలకు మహా ఇష్టం. చండామార్కుల బడిలో కాదు. తండ్రి తపస్సుకు వెళ్లినప్పుడు తల్లి లీలావతి నారదుడి ఆశ్రమంలో తలదాచుకుంది. ముని ఆమెకు చెబుతుంటే కడుపులోని బిడ్డ విన్నాడు. తల్లి కాలక్రమంలో మరిచిపోయింది, బిడ్డ మరవలేదు. ఆ తర్వాత బడికి పంపారు. గురువులు చెప్పింది కూడా ప్రహ్లాదుడు చదివాడు. దాన్ని తృణీకరించలేదు. తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని ప్రేమగా అడిగాడు. బిడ్డ చెప్పాడు. తండ్రి భరించలేకపోయాడు.

“నాన్నే కదా తాతయ్యా అడిగింది? అడిగినందుకు చెబితే కోపం ఎందుకు?” అని మనవరాలు అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న నా కోసం వచ్చిందనిపించింది. వరుణుడూ హిరణ్యకశిపుడూ ఇద్దరూ బిడ్డ జవాబు విన్న తండ్రులే. ఒకరు విని మళ్లీ పంపారు, ఒకరు విని ఒళ్లోంచి తోసేశారు. హిరణ్యకశిపుడు కోరింది జవాబు కాదు, తన మాటకు ప్రతిధ్వని. బిడ్డ నోట తన శత్రువు పేరు వచ్చింది. బయటి కథలో ఆ శత్రువు విష్ణువు. లోపలి అర్థంలో, తండ్రి అధికారానికి లొంగని సత్యం ఏదైనా ఆ శత్రువే. నా కొడుకు ఇంజనీరు కావాలి, నా కూతురు నా మతమే పట్టాలి, నా మనవడు నా గ్రంథమే ప్రేమించాలి అనుకున్న క్షణాన ప్రతి ఇంట్లో ఒక హిరణ్యకశిపుడు సింహాసనం ఎక్కుతాడు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. బడిలో అయితే గురువు వేరు, తండ్రి వేరు; బిడ్డకు ఒకరి దగ్గర దొరకనిది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఇంట్లో రెండు పాత్రలూ ఒకరివే అయినప్పుడు, వినడం రాని తండ్రి చేతిలో బిడ్డకు తప్పించుకునే దారి ఉండదు. అందుకే మా ఇంట్లో ఏడో స్కంధం ముందు పెద్దల పాఠం, తర్వాత పిల్లల పాఠం.

మనవడికి ప్రాణమైన పుస్తకం ఇంకొకటి ఉంది, ‘రైలుబడి’. తెత్సుకో కురొయనాగి 1981లో జపాన్‌లో ప్రచురించిన తన చిన్ననాటి కథకు తెలుగు. మొదట చేరిన బడి ఆ పిల్లను మాన్పించింది. తల్లి ఆమెను తొమోయె అనే బడికి తీసుకెళ్లింది. పాత రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి తల్లిని ఇంటికి పంపేసి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు తోచింది చెప్పమన్నాడు. ఆ పిల్ల నాలుగు గంటలు మాట్లాడింది. ఆయన నాలుగు గంటలూ విన్నాడు. ఆ బడి 1945లో బాంబు దాడుల్లో తగలబడిపోయింది. ఆ నాలుగు గంటలు మాత్రం పుస్తకమై మా పల్లె దాకా వచ్చాయి. శ్రవణ మనన నిదిధ్యాసనల్లో శ్రవణం శిష్యుడికి చెప్పిన సాధన. శిష్యుడి మాటకు గురువు చెవి ఒగ్గడం కూడా శ్రవణమేనని నాకు ఈ పుస్తకమే చూపించింది. వరుణుడు చేసింది అదే. ఉపనిషత్తు అర్థం కావడానికి జపాన్ పిల్లల పుస్తకం తోడ్పడితే అందులో వింత లేదు. సరస్వతికి సరిహద్దులు లేవు.

తక్కిన అలమర గురించి క్లుప్తంగా చెబుతాను. బైండు చేయించిన పాత చందమామలు ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక లేని తెలుగు బాల్యాన్ని మా తరం ఊహించలేదు. విద్యాప్రకాశానందగిరి స్వామివారి గీతామకరందం ఉంది. పెద్దబాలశిక్ష ఉంది. చింతా దీక్షితులు గారి పిల్లల కథలు ఉన్నాయి. ఆయన గోదావరి గడ్డ మీద పుట్టినవారు, చలాన్ని రమణ మహర్షి వైపు తిప్పినవారు. పిల్లల కోసం లక్కపిడతల గురించి రాసిన చెయ్యే అరుణాచలం దారి చూపించింది. బాలసాహిత్యమూ బ్రహ్మవిద్యా దూరపు చుట్టాలనుకునే వాళ్లు దీక్షితులు గారిని చదవాలి.

మా అలమరలోవి చాలావరకు కొత్త ప్రతులు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను ఈ తీరాన వందల ప్రాణాలు తీసుకుపోయింది. తొంభై ఆరు తుపాను అంటే ఇక్కడ పెద్దవాళ్లకు ఇప్పటికీ గొంతు మారుతుంది. పోయిన మనుషుల ముందు పుస్తకాల మాట ఎత్తడం భావ్యం కాదు. అయినా ఒక్కటి చెప్పాలి. కాగితం మీద ఉన్నవి ముద్దయిపోయాయి. నోటికి వచ్చినవి మిగిలాయి. చీకట్లో తడిబట్టలతో కూర్చున్న పిల్లలకు పెద్దవాళ్లు గజేంద్రమోక్షం చెప్పిన ఇళ్లు ఉన్నాయి. మొసలి పట్టు అంటే ఏమిటో ఆ రాత్రి ఎవరూ వ్యాఖ్యానించలేదు.

నోటి చదువుకు కోనసీమ పెట్టింది పేరు. ఈ అగ్రహారాల్లో తైత్తిరీయ శాఖ తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి దిగి వచ్చింది. సంథ చెప్పుకోవడమంటే గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలకాలి. అలా సంహిత, పదం, క్రమం, జట, ఘన దాకా వెళ్లడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. డేవిడ్ నైప్ అనే అమెరికన్ ఆచార్యుడు దశాబ్దాల పాటు కోనసీమకు వస్తూ పోతూ, ఇంట్లో వేదాగ్నులు నిలుపుకునే ఆహితాగ్నుల దగ్గర కూర్చుని, వాళ్ల జీవితాలను వాళ్ల మాటల్లోనే విని, 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అనే పుస్తకం వెలువరించాడు. యజ్ఞాల వివరాల కంటే నన్ను కదిలించింది అందులోని ఇంటింటి కథ. ఏ కొడుకు తండ్రి విద్య అందుకున్నాడు, ఏ కొడుకు ఇంగ్లీషు చదువుకు వెళ్లిపోయాడు, ఏ తండ్రి మనవడి మీద ఆశ పెట్టుకున్నాడు. వేదం నిలిచిందీ నిలవనిదీ కూడా వంటింటికీ వాకిలికీ మధ్యనే తేలింది.

వెళ్లిపోయిన కొడుకుల్లో ఒకరి వల్ల తెలుగు కథ బాగుపడింది. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 1891లో పొలమూరులో వేదం చదివిన ఇంట పుట్టారు. ఇంట్లో, చుట్టుపక్కల పండితుల దగ్గర సంస్కృతం చదివారు. ఇంట్లో వాళ్లు కోరిన దారి వదిలి తెలుగులో కథలు రాశారు. ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివితే ఆయన తండ్రి విద్యను తోసేసి పోలేదని తెలుస్తుంది. ఆ విద్యలోని చెవిని తీసుకుని వెళ్లారు. స్వరం తప్పకూడదన్న శిక్షణే ఆయన వాక్యంలో పలుకు తప్పకపోవడంగా మారింది. భృగువు కూడా ప్రతిసారీ తండ్రి అనుకున్న జవాబే తేలేదు కదా.

అయితే ఆ పాత ఇంటి చదువును ఆకాశానికెత్తి ఊరుకోవడం న్యాయం కాదు. దాని గడప చాలామందికి మూసి ఉండేది. ఆడపిల్లకు మూసి ఉండేది. కాలవ అవతలి పేట బిడ్డకు అసలు ఆ వీధే మూసి ఉండేది. మా జిల్లా 2022లో ఏర్పడి ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మోస్తోంది. ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో ఉండి ఇంటి చదువు గురించి రాస్తూ ఆయన ఇంటిని తలచుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

బడిలో ఆ పిల్లవాడు గోనెపట్టా మీద వేరుగా కూర్చోవాలి. దాహమేస్తే నీళ్లు ఇంకొకరు పోయాలి. ఇంట్లో తండ్రి, సుబేదారు రాంజీ సక్పాల్, కబీరుపంథీ. పడుకునే ముందు పిల్లల చేత రామాయణ భారతాలు చదివించేవాడు. ఒక పరీక్ష నెగ్గినందుకు పేటవాళ్లు సభ పెడితే, దాదా కేలుస్కర్ తాను రాసిన బుద్ధుడి చరిత్రను ఆ పిల్లవాడికి కానుకగా ఇచ్చారు. అది చదివాక పిల్లవాడు తండ్రి దగ్గరికి వెళ్లి అడిగాడు. బౌద్ధ గ్రంథాలు మాకెందుకు చూపించలేదు, మనల్ని తక్కువ చేసే కథలు మా చేత ఎందుకు చదివిస్తున్నారు అని. తండ్రికి నచ్చలేదు. పిచ్చి ప్రశ్నలు వేయవద్దన్నాడు. కొన్నాళ్లాగి పిల్లవాడు మళ్లీ అడిగాడు. ఈసారి తండ్రి ఆలోచించుకుని వచ్చాడు. మనం అంటరానివాళ్లం కాబట్టి మీలో న్యూనత పుట్టవచ్చు, ద్రోణుడూ కర్ణుడూ చిన్న స్థితి నుంచి ఎంత ఎత్తుకు ఎదిగారో చూడండి, అందుకే చదివించానన్నాడు. కొడుకు దానితోనూ తృప్తిపడలేదు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ అనే తన గ్రంథానికి 1956లో రాసుకున్న పీఠికలో అంబేద్కరే ఇదంతా చెప్పారు. ఆ ఏడాది అక్టోబరు 14న నాగపూరులో ఆయన బౌద్ధం స్వీకరించారు.

నేను ఈ ఘట్టాన్ని భృగువల్లి పక్కన పెట్టి చదువుతాను. పిల్లవాడు మళ్లీ వచ్చాడు. తండ్రి రెండోసారికి మారాడు. ఒక సుబేదారు ఇంట్లో, రాత్రి దీపం దగ్గర, రెండు తరాలూ తపస్సు చేశాయి. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు జీవితమంతా పట్టింది. పుస్తకం కానుకగా ఇచ్చిన ఆ కేలుస్కర్‌కు, తనకిష్టంలేని ప్రశ్నను రెండోసారి వినగలిగిన ఆ తండ్రికి చేతులెత్తి మొక్కాలి. అలాగే ఇదీ చెప్పాలి: ఇంట్లో చదివించగల తీరిక, చదువు ఉన్న కుటుంబాలు కొన్నే. తక్కిన బిడ్డలకు సర్కారు బడే వాకిలి. ఆ వాకిలిని ఎవరు చులకన చేసినా నాకు నచ్చదు.

చదువైపోయాక మళ్లీ ఇంట్లో మొదలైన చదువు కూడా ఒకటుంది. ఛాందోగ్యంలో శ్వేతకేతువు పన్నెండేళ్లకు గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగేళ్లకు వేదాలన్నీ చదివి, గర్వంతో తిరిగి వచ్చాడు. ఏది తెలిస్తే వినబడనిది కూడా విన్నట్టవుతుందో దాన్ని అడిగావా అని తండ్రి ఉద్దాలకుడు అడిగాడు. కొడుకుకు తెలియదు. అప్పుడు తండ్రి ఇంట్లో ఉన్న సామగ్రితోనే చెప్పాడు. మర్రిపండు చిదిమి చూడమన్నాడు. ఉప్పుగడ్డ నీళ్లలో వేసి పొద్దున్న రమ్మన్నాడు. పొద్దున్న ఉప్పు కనబడలేదు. పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి రుచి చూడమన్నాడు. అంతటా ఉప్పే.

ఈ పాఠం మా ఇంట్లో చేయడం తేలిక. ఊరికి సముద్రం దగ్గర. కొన్ని చోట్ల బోరు నీళ్లు నోట పెట్టుకుంటే ఉప్పు తగులుతుంది. కుండలేశ్వరం దగ్గర వృద్ధగౌతమిలో సముద్రపు పోటు వచ్చినప్పుడు ఏరు ఏదో కడలి ఏదో చెప్పలేం. పిల్లలు గ్లాసులో ఉప్పు కలిపి, రుచి చూసి, కనబడకుండా అంతటా ఉండడం అంటే ఏమిటో ఒప్పుకున్నారు. మనవడు మాత్రం ఒక మాట కలిపాడు. “తాతయ్యా, ఉప్పు ఎక్కువైతే వరి చచ్చిపోతుందని నాన్న అన్నాడు. మరి బ్రహ్మం ఎక్కువవదా?” పెద్దలెవరికీ తోచని ప్రశ్న. ఉప్పు నీటిలో ఉన్న మరొక వస్తువు, బ్రహ్మం అలా మరొకటిగా లేదు అని శాస్త్రరీత్యా చెప్పవచ్చు. నేను చెప్పలేదు. వాడు చేనులోంచి తెచ్చిన ప్రశ్నకు పుస్తకంలోంచి జవాబిచ్చి మూసేయడం వరుణుడి పద్ధతి కాదు. అది వాడి దగ్గరే ఉంది. ఎప్పుడో తెస్తాడు.

చేను అంటే అన్నం. భృగువల్లి చివరి అనువాకాలు అన్నం చుట్టూనే తిరుగుతాయి. అన్నాన్ని నిందించకూడదు, తోసిపుచ్చకూడదు, విస్తారంగా పండించాలి, నిలవ నీడ కోరి వచ్చినవాణ్ణి కాదనకూడదు. ఇవి వ్రతాలని చెప్పింది శ్రుతి. మూడోది చదివిన రోజున 2011 సంగతి వచ్చింది. ఆ ఏడు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వేయడం మానేశారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన నాటి నుంచి నీళ్లకు కొదవలేని డెల్టాలో చేలు బీళ్లుగా ఉండిపోయాయి. అన్నం విస్తారంగా పండించాలన్న వ్రతం రైతు ఒక్కడిదేనా, ఆ అన్నం తినే ప్రతివాడిదీనా? వాళ్ల నాన్న ఆ ఏటి సంగతులు చెబుతుంటే పిల్లలు గుడ్లప్పగించి విన్నారు. ఉపనిషత్తు ఆ రాత్రి మా వంటింటి గట్టు మీదికి దిగి వచ్చింది.

ఇక మిగిలింది ఐదో జవాబు. ఆనందమే బ్రహ్మమని భృగువు గ్రహించాడు. అప్పుడు మాత్రం తండ్రి దగ్గరికి తిరిగి వచ్చినట్టు శ్రుతి చెప్పదు. వరుణుడు వాకిట్లో ఎదురు చూశాడేమో తెలియదు. బిడ్డకు ఇంట్లో చదువు చెప్పిన ప్రతి తల్లీ తండ్రీ ఈ చోట ఆగిపోవాలి. తిరిగి రావడం నేర్పిన ఇల్లే, తిరిగి రానవసరం లేని రోజు కోసం పనిచేసింది.

అలా తిరిగి రాని బిడ్డ ఒకడు తర్వాత రమణ మహర్షి అయ్యాడు. 1896లో మదురైలో వెంకటరామన్ అనే ఆ కుర్రవాడు అంతకు ముందే ఇంట్లో దొరికిన పెరియపురాణం చదివి శివభక్తుల కథలకు కరిగిపోయాడు. బడి పాఠం మీద మనసు నిలవలేదు. ఆగస్టు 29న, శిక్షగా ఇచ్చిన ఇంగ్లీషు వ్యాకరణం కాపీ రాస్తూ కలం పక్కన పెట్టి కళ్లు మూసుకుంటే, ఇలాంటి వాడికి ఇవన్నీ ఎందుకని అన్న దెప్పాడు. ఆ దెప్పుడు వాడికి ఉపదేశమైంది. ఆ రోజే అరుణాచలానికి బయలుదేరాడు. తర్వాత తల్లి అళగమ్మాళ్ వెతుక్కుంటూ వెళ్లి ఇంటికి రమ్మని బతిమాలినా కొడుకు రాలేదు. చివరికి 1916లో ఆమే ఆయన దగ్గరికి వెళ్లి ఉండిపోయింది. స్కందాశ్రమంలో వంట మొదలుపెట్టింది. 1922లో కొడుకు చేతులు గుండె మీద, తల మీద ఉండగా కన్నుమూసింది. భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి తత్త్వం చెప్పినట్టు, ఇక్కడ బిడ్డే గురువు, తల్లే శిష్యురాలు. ఆ శిష్యురాలు గురువు ఇంట్లో పొయ్యి వెలిగించింది.

శ్రుతి వరుస కూడా ఇదే. ఆనందం, కొడుకు తిరిగి రాకపోవడం, వెంటనే అన్నం, ఆ వెంటనే అతిథి. తన బిడ్డ ఇక ప్రశ్నతో రాని ఇంటికి ఇంకెవరో ఆకలితో వస్తారు, వాళ్లను కాదనవద్దు. నాకు ఆ నాలుగు అనువాకాలు వరుణుడి కోసం చెప్పినట్టే ఉంటాయి.

ఈ వ్రతాన్ని అక్షరాలా పాటించిన ఇల్లు మా కోనసీమలోనే ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కాలం చేసేదాకా వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి పెట్టారు. వరద వచ్చినా, అర్ధరాత్రి అయినా, కులమేదని అడగకుండా పెట్టారు. ఆమె ఏ బడికీ వెళ్లి పట్టా తెచ్చుకున్న మనిషి కాదు. ఈ రాష్ట్రంలో సర్కారు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. మా పిల్లలతో సాయంత్రాలు ఆడుకునే నేస్తాలు ఆ భోజనం తిని వస్తారు. ఆట అయ్యాక వాళ్లూ మా వసారాలో కూర్చుని ‘రైలుబడి’ వింటారు, ఇష్టమైన చందమామ ఇంటికి పట్టుకుపోతారు. తిరిగి ఇచ్చేటప్పుడు కథ గురించి ఏదో ఒకటి అడుగుతారు. మా అమ్మాయి వాళ్లకు కూడా గ్లాసులు పెడుతుంది.